‘నానా’తో నానా తంటాలు

మాజీ సైనికుల ప్రశ్నలకు విజయనగరం నుంచి ఒక రిటైర్డ్ సుబేదార్ జవాబులు

ఈ నెల ఉత్తరాలు ఎక్కువే వచ్చాయి. అందులో మూడింటి గోడు ఒకటే: ‘తీర్పొస్తే పింఛనొస్తుందనుకున్నాం, కేసే వెనక్కొచ్చింది.’ కేంటీన్ కార్డు గురించీ, పింఛన్ల పోర్టల్ స్పర్శ్‌లో లైఫ్ సర్టిఫికెట్ గురించీ అడిగినవాళ్లు ఏమీ అనుకోవద్దు. వాటికి వచ్చే నెల రాస్తాను. దీనికి కాస్త చోటు కావాలి.

ప్రశ్న: సుబేదార్ సాబ్‌కి జైహింద్. మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. 1990లో ఆర్టిలరీలో చేరి, 2007లో హవల్దార్‌గా ఇంటికొచ్చాను. 1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్ దగ్గర బోఫోర్స్ గన్ మీద పనిచేశాను. ఆ తర్వాత చెవుల్లో ఒకటే హోరు. 2004లో సరిహద్దుకి దూరంగా, పీస్ స్టేషన్లో ఉండగా పరీక్ష చేసి రెండు చెవులూ దెబ్బతిన్నాయన్నారు. ఇంటికొచ్చేటప్పుడు మెడికల్ బోర్డు 20 శాతం, జీవితాంతం అని రాసి, కింద ‘నానా’ అని కొట్టింది. అప్పీలు పెడితే కొట్టేశారు. చెన్నైలోని సైనిక ట్రిబ్యునల్‌కి వెళ్లాను. ఇన్నాళ్లకి ఆర్డరొచ్చింది. పింఛను ఇమ్మని కాదు సాబ్, యూనిట్ కాగితాలు తెప్పించి, మళ్లీ మెడికల్ బోర్డు పెట్టి, కారణాలు రాసి తేల్చమని. ఇప్పుడు రికార్డాఫీసువాళ్లు ఇంజురీ రిపోర్టు, సాక్షుల వాఙ్మూలాలు, నా దగ్గరున్న మెడికల్ కాగితాలు పంపమంటున్నారు. నా కాగితాలన్నీ తిత్లీ తుఫానుకి తడిసి ముద్దయిపోయాయి. ఇంజురీ రిపోర్టయితే అసలు లేనే లేదు. చెవి ఒక్కరోజులో పోలేదు కదా. ఊళ్లో అందరూ ‘కేసు పోయిందట కదా’ అని పరామర్శకి వస్తున్నారు. పోయినట్టేనా?

జవాబు: తమ్ముడూ, జైహింద్. పోలేదు. గెలవనూ లేదు. పోయుంటే ‘డిస్మిస్డ్’ అని ఒక్క మాటతో పోయేది. నువ్వు పంపిన జిరాక్సులో ఆఖరి పేజీ మూడుసార్లు చదివాను. పాత బోర్డు కారణం రాయకుండా తేల్చేసింది కాబట్టి దాని మాట నిలవదు, మళ్లీ చూడండి అన్నారు. తిత్లీ వెళ్లిన మర్నాడు మీ రోడ్డుకి అడ్డంగా పడ్డ కొబ్బరిచెట్లని కోసి పక్కకి లాగేశారు చూడు, ఆ ‘నానా’ని అలా లాగేశారు. బస్సు ఇంకా రాలేదు, అంతే. పరామర్శకొచ్చినవాళ్లకి టీ ఇచ్చి పంపించెయ్.

ఈ ‘నానా’ ఏమిటో మిగతా పాఠకులకి చెప్పాలి. ఇంగ్లీషులో నాలుగక్షరాల పొడిమాట. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు అని దానర్థం. ఆ రెండింట్లో ఏదో ఒకటి అవునని తేలాలి, వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి, అప్పుడే డిజేబిలిటీ పింఛను. శాతం నీకుంది. గొడవంతా ఆ నాలుగక్షరాల దగ్గరే. మనం తెలుగులో నానా తంటాలు, నానా యాతన అంటాం. ఆ పొడిమాట పెట్టినవాడికి తెలుగు వచ్చేమో అని నాకు అప్పుడప్పుడూ అనుమానం.

ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను క్లర్కుని. ఇరవయ్యెనిమిదేళ్లు ముందు టైపు మిషనుతో, తర్వాత కంప్యూటరుతో కుస్తీ పట్టాను. ఇంటికెళ్లే జవానుకి చేసే మెడికల్ బోర్డు ఫారం ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16. అందులో జవాను సొంత వాఙ్మూలం అని ఒక భాగం ఉంటుంది. సర్వీసులో జరిగినవాటిలో నీ జబ్బుకి కారణమైనవి గానీ, దాన్ని పెంచినవి గానీ ఉన్నాయనుకుంటే వివరాలు రాయమని అడుగుతారు. దానికెదురుగా నేను చూసిన చాలా ఫారాల్లో ఒకటే మాట: ‘నిల్’. ఆ నిల్ జవాను రాసింది కాదు, నాలాంటివాడు రాసింది. రైలు టిక్కెట్టు జేబులో పెట్టుకుని అతను తొందరలో ఉంటాడు, భోజనాల వేళకి ఫైళ్లు పైకి పంపాలని నేను తొందరలో ఉంటాను. ‘సంతకం పెట్టు’ అంటే పెట్టేవాడు.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి చేశాను. మంచులో జారి మోకాలు తిప్పుకున్న కుర్రాడొకడు ఇంజురీ రిపోర్టు గురించి అడిగితే, ‘లీవు నుంచి వచ్చాక చూద్దాంలే’ అన్నాను. అతను లీవు నుంచి వచ్చేలోపు నాకు పోస్టింగొచ్చి వెళ్లిపోయాను. పద్నాలుగేళ్ల తర్వాత అతనే సాలూరులో బస్సెక్కి, కాగితాల సంచీ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. మా పేటని ఇప్పటికీ కంటోన్మెంటనే పిలుస్తారు, ఆ పేరు చూసి ఇక్కడేదో మిలటరీ ఆఫీసుందనుకున్నాడట. అతను నన్ను గుర్తుపట్టలేదు. నేను గుర్తుపట్టాను. ఆ సంచీలో ఇంజురీ రిపోర్టు లేదని విప్పకుండానే నాకు తెలుసు. ఈ శీర్షిక అప్పట్నుంచే రాస్తున్నాను.

ఇక నీ విషయం. ఇంజురీ రిపోర్టు లేదని నువ్వు దిగులు పడుతున్నావు. వాళ్లు పంపింది అచ్చు ఉత్తరం తమ్ముడూ, అందరికీ అదే పోతుంది. ఇంజురీ రిపోర్టు అంటే జారిపడ్డప్పుడు, బండి బోల్తాపడ్డప్పుడు రాసేది. ఏళ్ల తరబడి ఫిరంగి చప్పుడుకి మెల్లగా పోయిన చెవికి ఏ తేదీ వేసి రాస్తారు? కాబట్టి ‘లేదు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోకు. ‘ఇది ప్రమాదంలో తగిలిన దెబ్బ కాదు, గన్ చప్పుడు వల్ల క్రమంగా వచ్చిన వినికిడి లోపం, అందువల్ల ఇంజురీ రిపోర్టు తయారు కాలేదు’ అని కారణంతో రాయి. లేని కాగితానికి లేకపోవడానికి కారణం రాస్తే అదీ ఒక కాగితమే.

నీకు బలమైన కాగితం వేరే ఉంది. అది నీ దగ్గర లేదు, వాళ్ల దగ్గరే ఉంది. 1990లో చేరినప్పుడు నీకు మెడికల్ చేశారు. గుర్తుందా, డాక్టరు దూరంగా వెనక నిలబడి గుసగుసగా అంకెలు చెప్పి, నిన్ను తిరిగి చెప్పమన్నాడు. కుడి చెవి ఒకసారి, ఎడమ చెవి ఒకసారి. ఆరు మీటర్ల దూరం నుంచి వినబడితే ఆ ఫారంలో రెండు చెవులకీ ‘600 సెంటీమీటర్లు’ అని వేస్తారు. చేరిన రోజున గుసగుస ఆరు మీటర్ల నుంచి విన్నవాడికి, పదిహేడేళ్ల తర్వాత పక్కన నిలబడి పిలిచినా వినబడలేదంటే, మధ్యలో ఏం జరిగిందో చెప్పాల్సిన బాధ్యత ఎవరిది? నీది కాదు. నువ్వు 2008 జనవరికి ముందే ఇంటికొచ్చావు, నీకు 1982 నాటి ఎంటైటిల్‌మెంట్ రూల్స్ వర్తిస్తాయి. వాటిలో ఐదో రూలు ప్రకారం, చేరేటప్పుడు జబ్బుందని రాసి ఉండకపోతే మనిషి ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి. తొమ్మిదో రూలు ప్రకారం, రుజువు చేసుకోమని జవానుని అడగకూడదు. అనుమానం వస్తే దాని లాభం జవానుకే. ఫీల్డులో పనిచేసినవాళ్లకయితే ఇంకా ఉదారంగా చూడాలని కూడా అక్కడే ఉంది. సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో ఈ రూల్సన్నీ ఒక్కచోట పేర్చి, కారణం రాయని బోర్డు అభిప్రాయం చెల్లదని తేల్చింది. నీ ఆర్డరు నిలబడింది ఆ తీర్పు మీదే.

‘మరి రుజువు నా పని కాకపోతే ఈ కాగితాలన్నీ నన్నెందుకు అడుగుతున్నారు సాబ్?’ అంటావు. న్యాయంగా అడగకూడదు. కానీ ఫైలు మళ్లీ అదే బల్లల మీద నడుస్తుంది. ఖాళీ ఫైలు చూస్తే ఖాళీ జవాబే వస్తుంది. ఇరవయ్యెనిమిదేళ్లు నేను అలాంటి బల్ల వెనకే కూర్చున్నాను, నా మాట నమ్ము.

అందుకని ముందు పది రూపాయల పోస్టల్ ఆర్డరు కొను. నాసిక్ రోడ్‌లో ఉన్న ఆర్టిలరీ రికార్డ్స్‌కి సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. నీ చేరిక మెడికల్ ఫారం, ఏటా చేసిన మెడికల్స్, 2004లో నిన్ను హెచ్-2లో పెట్టినప్పటి బోర్డు, ఇంటికొచ్చేటప్పటి బోర్డు మొత్తం, సంతకాల పేజీలతో సహా అడుగు. మన ఆరోగ్యానికి సైన్యం వేసే గ్రేడు షేప్, ఆ మాటలో హెచ్ అంటే వినికిడి, ఆ అంకె ఏ సంవత్సరంలో ఒకటి నుంచి రెండు అయిందో అక్కడ తెలుస్తుంది. నీ పోస్టింగుల పట్టిక తేదీలతో అడుగు. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అదే ఆఫీసులో పై అధికారికి అప్పీలుంది. రికార్డాఫీసు ఉత్తరానికి గడువుంటుంది కాబట్టి, ‘ఫలానా కాగితాలు మీ దగ్గరే ఉన్నాయి, వాటికోసం దరఖాస్తు పెట్టాను’ అని గడువులోపలే స్పీడ్ పోస్టులో జవాబు పంపెయ్. బెల్లం కొట్టిన రాయిలా కూర్చోకు.

తడిసిన డిశ్చార్జి బుక్కు పారెయ్యలేదు కదా? పారెయ్యకు. అందులో మెడల్స్ పేజీ చూడు. ఆపరేషన్ విజయ్ స్టార్ అని ఉందా, ఆపరేషన్ విజయ్ మెడల్ అని ఉందా? చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. స్టార్ ద్రాస్, కార్గిల్, బటాలిక్ లాంటి చోట్ల యుద్ధరంగంలో ఉన్నవాళ్లకి, మెడల్ వేరేచోట్ల మోహరించినవాళ్లకి. నీకు స్టార్ ఉంటే నువ్వు ద్రాస్‌లో ఉన్నావని సర్కారే ముద్ర వేసి చెప్పినట్టు. ఇంకు చెదిరిపోయి ఉంటే ఆ పేజీని వెలుతురులో ఫోనుతో ఫొటో తీసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చూపించి నకలు మీద సంతకం పెట్టించుకో.

పీస్ స్టేషన్లో బయటపడింది కాబట్టి సర్వీసుతో సంబంధం లేదనడం వాళ్లకి అలవాటు. బయటపడిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు. టెస్టు చేసే మిషను పీస్ స్టేషన్లోనే ఉంటుంది, ద్రాస్ గన్ పొజిషన్లో ఉండదు కదా. ఈ ఒక్క వాక్యం నీ జవాబులో రాయి, నా పేరు చెప్పక్కర్లేదు.

సాక్షుల వాఙ్మూలాల దగ్గర అందరూ పాడు చేసుకుంటారు. మొన్న ఒకాయన తెచ్చిన అఫిడవిట్ ఇలా ఉంది: ‘ఇతను నాకు బాగా తెలుసు. మంచి సోల్జరు. దేశసేవలో చెవులు పోగొట్టుకున్నాడు. దయచేసి న్యాయం చేయగలరు.’ వంద రూపాయల స్టాంపు పేపరు దండగ. నీ గన్ జట్టులో, అంటే డిటాచ్‌మెంట్‌లో పనిచేసినవాణ్ణి ఒక్కణ్ణి పట్టుకో, వాట్సాప్ గ్రూపులుంటాయిగా. అతను రాయాల్సింది ఇలా ఉండాలి: ‘నా ఆర్మీ నెంబరు ఇది, ర్యాంకు ఇది. 1999లో ద్రాస్‌లో మా గన్‌కి నేను గురిపెట్టే లేయర్‌ని, ఇతను లోడర్. నేను ఇతనికి ఇంత దూరంలో ఉండేవాణ్ణి. చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లం. ఫైరింగు ఆగాక ఇతను ఆర్డర్లు రెండుసార్లు చెబితే గానీ అందుకునేవాడు కాదు. నేను భుజం తట్టి చెప్పేవాణ్ణి.’ చూశావా, న్యాయం అన్న మాటే లేదు. అతను కళ్లతో చూసింది మాత్రమే ఉంది. చూడనిది రాయించకు. ఒక్క తేదీ తేడా వచ్చినా మొత్తం కాగితం మీద నమ్మకం పోతుంది. దూది పెట్టుకోలేదనుకో, దూది మాట వద్దు.

శ్రీకాకుళంలో ప్రైవేటుగా చెవి పరీక్ష చేయించుకుని ఆ గ్రాఫు పంపాలా అని చివర్లో అడిగావు. పంపు, తప్పులేదు. కానీ దానికే పదివేలు తగలెయ్యకు. ఆ గ్రాఫు ఈ రోజు చెవి ఎంత పోయిందో చెబుతుంది, ఎందుకు పోయిందో చెప్పదు. ట్రిబ్యునల్ అడిగింది ‘ఎందుకు’. అయితే ఆ డాక్టరుకి నీ 1990, 2004, 2007 లెక్కలు చూపించి, ఇలాంటి లోపం పెద్ద చప్పుళ్లకి వస్తుందా రాదా అని రెండు లైన్లు కారణంతో రాయిస్తే, అది వేరే సంగతి.

బోర్డుకి పిలుపొస్తుంది. సికింద్రాబాదో, విశాఖలో నేవీ వాళ్ల కళ్యాణి ఆసుపత్రో, ఎక్కడికి రమ్మంటే అక్కడికి తప్పకుండా వెళ్లు. ఇంట్లో పెళ్లున్నా సరే వెళ్లు. వెళ్లకపోతే ‘హాజరు కాలేదు’ అని రాసి ఫైలు మూసేస్తారు, ఆ మాటని చెరపడం ‘నానా’ని చెరపడం కన్నా కష్టం. లోపలికెళ్లాక మన పాత అలవాటొకటి బయటికొస్తుంది జాగ్రత్త. ఆఫీసరు ‘కైసే హో?’ అనగానే ఛాతీ విరిచి ‘ఠీక్ హై సాబ్’ అంటాం. ఆ ఠీక్ హై కూడా కాగితమెక్కే ప్రమాదముంది. టీవీ ఎంత సౌండు పెడితే వినబడుతుందో, మనవరాలు ఫోన్లో మాట్లాడితే ఎవరికిస్తావో, రాత్రిళ్లు హోరు ఎలా ఉంటుందో చెప్పు. ఎక్కువ చేసి మాత్రం చెప్పకు. వినబడనట్టు నటించేవాణ్ణి పట్టుకునే పరీక్షలు ఆ గదిలోనే ఉంటాయి. ఈసారి వాఙ్మూలం గడి నువ్వే నింపు. తెలుగులో ఆలోచించి, మీ అబ్బాయి చేత ఇంగ్లీషులో రాయించి, ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని వెళ్లు. నిల్ అని ఎవరైనా రాయబోతే చెయ్యి పట్టుకో.

డబ్బు సంగతి అడగడానికి మొహమాటపడ్డట్టున్నావు. నూటికి నూరు శాతం వైకల్యానికి డిజేబిలిటీ ఎలిమెంటు లెక్కగట్టే జీతంలో 30 శాతం. ఆ జీతం 35,000 అనుకుంటే 10,500. నీది 20 శాతం కాబట్టి 2,100 అవ్వాలి. కానీ 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాక, 50కి లోపు శాతాన్ని 50కి పెంచి చూస్తున్నారు. అప్పుడు 5,250, దాని మీద కరువు భత్యం. అది నీ మామూలు పింఛనుకి అదనం. పాత బకాయి 2007 నుంచీ వస్తుందని ఎవరైనా ఆశపెడితే నమ్మకు. ఆలస్యంగా కోర్టుకెళ్లినవాళ్లకి కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లదే ఇవ్వడం 2008లో తర్సేమ్ సింగ్ తీర్పు నుంచీ చాలా కేసుల్లో జరిగింది. నీ ఆర్డర్లో గడువు రాసుంది. అది దాటితే అదే ట్రిబ్యునల్లో అమలు కోసం అర్జీ పెట్టొచ్చు, కొత్త కేసు అక్కర్లేదు. ఒకవేళ కొత్త బోర్డూ నానా అనే అంటే, ఈసారి కారణం రాసి అనాలి. కారణమంటూ ఉంటే దాన్ని తప్పని చూపించే వీలుంటుంది. నిన్నటిదాకా నీకు ఆ వీలు కూడా లేదు.

ప్రశ్న: నమస్కారమండీ. బొబ్బిలిలో రిటైరైన హైస్కూలు మాస్టారిని. మా పెద్దబ్బాయి అమెరికా ఆర్మీలో పనిచేసి బయటికొచ్చాడు. నడుంనొప్పికి డిజేబిలిటీ క్లెయిము పెడితే కాదన్నారట. పైన బోర్డుకి అప్పీలు చేస్తే ‘రిమాండ్’ అని వచ్చిందట. పేపర్లో రిమాండ్ అంటే పద్నాలుగు రోజులు జైలని చదువుతాం కదండీ. మావాడు నవ్వుతాడే గానీ సరిగ్గా చెప్పడు. వాళ్లమ్మకి టెన్షన్‌తో నిద్ర లేదు.

జవాబు: మాస్టారూ, ముందు అమ్మగారికి చెప్పండి, జైలు కాదు. మన హవల్దార్ తమ్ముడికి జరిగిందే మీవాడికీ జరిగింది, కాకపోతే ఇంగ్లీషులో పేరు గట్టిగా ఉంది. ఫైలు కింది ఆఫీసుకి తిరిగి వెళ్లడాన్నే వాళ్లు రిమాండ్ అంటారు.

మీరు పంపిన ఆర్డరు మా మేనల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చదివాను. అక్కడ మాజీ సైనికుల శాఖకి ‘డ్యూటీ టు అసిస్ట్’ అని చట్టంలోనే ఒక బాధ్యత ఉంది. అంటే సైనికుడి సర్వీసు రికార్డులు తెప్పించడం, అవసరమైతే వైద్య పరీక్ష చేయించడం ఆఫీసు పని. ఇది చదివి నాకు కొంచెం అసూయ కలిగిన మాట నిజం. మొదటి నిర్ణయం చెప్పేముందు ఆ పని సరిగ్గా చెయ్యలేదని అప్పీళ్ల బోర్డుకి తేలితే, చేసి మళ్లీ తేల్చమని వెనక్కి పంపుతుంది. 2019 ఫిబ్రవరి 19 నుంచి అమల్లోకొచ్చిన కొత్త అప్పీళ్ల పద్ధతిలోనూ ఇది ఉంది. మీవాడి విషయంలో పరీక్ష చేసిన డాక్టరు ‘సంబంధం లేదు’ అని రాశాడే తప్ప, సర్వీసులో ఉండగా నడుంనొప్పికి మందు తీసుకున్న చీటీల గురించి ఒక్క మాటా అనలేదట. అదీ వాళ్లు పట్టుకున్న తప్పు. ఊళ్లు వేరుగానీ డాక్టర్లు ఒకటే.

బోర్డు ఆర్డర్లో ఏమేం చెయ్యమందో అవన్నీ కింది ఆఫీసు చెయ్యాల్సిందే. సగం చేసి వదిలేస్తే చెల్లదని 1998లో స్టెగల్ అనే కేసులో అక్కడి కోర్టు చెప్పింది. కాబట్టి మీవాడు ఆ ఆర్డర్లో చెయ్యమన్న పనులకి పక్కన టిక్కులు పెట్టుకుంటూ ఉండాలి. మళ్లీ పరీక్షకి పిలిస్తే వెళ్లాలి, ఈ మాట ఇందాకే ఒకరికి చెప్పాను. కొత్త డాక్టరు ‘సంబంధం ఉండడానికి కనీసం సగానికి సగం అవకాశముంది’ అన్నా చాలు. రెండువైపులా తూకం సమానంగా ఉంటే సైనికుడివైపే మొగ్గాలని వాళ్ల చట్టం. మళ్లీ కాదంటే, ఆ ఉత్తరం తేదీ నుంచి ఏడాదిలోపు పై అడుగు వేస్తే మొదటి దరఖాస్తు తేదీ పోదు. ఆ ఏడాది దాటనివ్వొద్దని మాత్రం మీరు గట్టిగా చెప్పండి. మాస్టారి గొంతుతో చెప్పండి. ఫీజు తీసుకోకుండా కాగితాలు చూసిపెట్టే గుర్తింపు పొందిన సంఘాలు అక్కడ ఉన్నాయి, డిసేబుల్డ్ అమెరికన్ వెటరన్స్ లాంటివి. అక్కడికి వెళ్లమనండి.

ప్రశ్న: నేను 2024లో ఇంటికొచ్చాను, రాజాం. మీరెప్పుడూ చెప్పే 1982 రూల్స్ నాకూ పనికొస్తాయా?

జవాబు: రావు బాబూ. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలొచ్చాయి, ‘ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్’ అనే కొత్త పేరు కూడా వచ్చింది. ఊరివాడి పాత తీర్పు జిరాక్సు తీసి నీ అర్జీకి కుట్టకు. నీ బోర్డు కాగితం పంపు, చూసి విడిగా రాస్తాను.

ప్రశ్న: అయ్యా, మాది గజపతినగరం దగ్గర పల్లె. మా ఆయన నాయక్‌గా చేసి వచ్చారు. వెన్నుపూస గురించి కేసు వేశారు. అది నడుస్తుండగానే 2022లో పోయారు. తర్వాత ఆర్డరొచ్చిందట, మళ్లీ మెడికల్ బోర్డు చెయ్యమని. మనిషే లేకపోతే బోర్డు ఎవరికి చేస్తారు? కాగితాలన్నీ ఒక ఏజెంటు పట్టుకెళ్లాడు. వచ్చినదాంట్లో ఐదోవంతు ఇస్తానని రాయించుకున్నాడు. ఇప్పుడు ఫోనెత్తట్లేదు. సైనిక సంక్షేమం ఆఫీసుకెళ్తే ఆర్మీ నెంబరు చెప్పమన్నారు. నాకు తెలీదయ్యా, ఆయనే చూసుకునేవారు. నేను చదువుకోలేదు. మా అమ్మాయి రాస్తోంది.

జవాబు: అమ్మా, మీ ప్రశ్నే సరైన ప్రశ్న. మనిషి లేకపోతే కాగితాల మీదే చేస్తారు. ఉన్న ఆసుపత్రి రికార్డులు చూసి డాక్టర్లు అభిప్రాయం రాస్తారు. కేసు ఆయనతో పోదు. వారసురాలిగా మీ పేరు ఎక్కించమని అర్జీ పెట్టాలి, ఇప్పటికే ఆలస్యమైంది కాబట్టి ఆలస్యానికి కారణం కూడా రాయాలి. ఏజెంటు సంగతి ఉన్నదున్నట్టు రాయించండి, సిగ్గుపడాల్సింది మీరు కాదు. కేసు మీవైపు తేలితే ఆయన పోయిన రోజు వరకు రావాల్సిన బకాయి మీకొస్తుంది. ఆ వెన్నుపూస జబ్బువల్లే ఆయన పోయారని డాక్టరు కాగితం ఏమైనా ఉంటే అది వేరుగా దాచండి. అప్పుడు మామూలు ఫ్యామిలీ పింఛను బదులు స్పెషల్ ఫ్యామిలీ పింఛను అడగొచ్చు. జీతంలో 30 శాతానికీ 60 శాతానికీ ఉన్న తేడా అది.

ఏజెంటుకి రాసిచ్చిన ఐదోవంతు గురించి నిద్ర పాడుచేసుకోకండి. అతని వెంట తిరగనూ వద్దు. మీ కాగితాలన్నీ రికార్డాఫీసులో ఇంకో ప్రతి ఉంటాయి. 2025 జులైలో జాతీయ న్యాయ సేవల సంస్థ, అదే నల్సావాళ్లు మాజీ సైనికుల కుటుంబాల కోసం వీర్ పరివార్ సహాయత యోజన అని మొదలుపెట్టారు. విజయనగరంలో సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లినప్పుడు ఆ పేరు చెప్పి, ఉచితంగా వకీలుని అడగండి. అమ్మాయిని వెంట తీసుకెళ్లండి, బ్యాంకు పాసుబుక్కు, ఆధారు, మరణ ధ్రువపత్రం పట్టుకెళ్లండి.

నెంబరు కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. మీ ఇంట్లో ఆయన తెచ్చుకున్న నల్ల ట్రంకు పెట్టె ఉండే ఉంటుంది, ఇప్పుడు అందులో బియ్యమో దుప్పట్లో పెట్టుంటారు. దాని మూత తుడిచి చూడండి. ఆయన పేరుకి ముందు తెల్ల పెయింటుతో రాసిన అంకెలే ఆ నెంబరు.